ఒకే నేల, రెండు సర్వేలు: గోదావరి లోయలో సీస్మిక్ డేటాను కలిపే వరుస

భూపాలపల్లి, రామగుండం, మందమర్రి వైపు నేల కింద బొగ్గు పొరలు బ్లాకుల హద్దులు చూసుకుని ఆగవు. సర్వేలు మాత్రం హద్దుల దగ్గర ఆగుతాయి. ఒక బ్లాకులో ఒక ఏడాది సీస్మిక్ సర్వే (నేలలోకి అలలు పంపి, కింది పొరల మీద పడి తిరిగొచ్చిన వాటిని కొలిచే సర్వే) జరిగితే, పక్క బ్లాకులో ఎన్నో ఏళ్ల తర్వాత, వేరే యంత్రాలతో, వేరే కాంట్రాక్టు కింద జరుగుతుంది. హద్దు పొడుగునా కిలోమీటరో, కాస్త ఎక్కువో వెడల్పున రెండు సర్వేలూ ఒకే నేలను కొలుస్తాయి. గని ప్లాను వేసేవాళ్లకు ఈ రెండూ విడివిడిగా ఉంటే చాలదు. మొదటి సర్వేలో స్పష్టంగా కనిపించిన ఫాల్టు (రాతి పొరలు విరిగి జరిగిన చోటు) రెండోదానిలో మాయమైతే, అది నిజంగా అక్కడే ముగిసిందా, లేక సర్వే మారినందువల్ల కనబడకుండా పోయిందా అన్నది తేలాలి. యంత్రం పొడవాటి గోడలా బొగ్గును కోసుకుంటూ పోయే లాంగ్‌వాల్ ప్యానెల్‌కు ఎదురుగా అనుకోని ఫాల్టు తగిలితే కోట్ల విలువైన యంత్రాలు కదలకుండా నిలబడిపోతాయి. కాబట్టి రెండు సర్వేలనూ ఒకే డేటాగా చేయడం బొమ్మ అందం కోసం చేసే పని కాదు.

ఈ పనిలో సరిచేయాల్సినవి నాలుగు: స్థానం, కాలం, తరంగం ఫేజ్ (అల ఆకారం ఎన్ని డిగ్రీలు తిరిగి ఉందో), తరంగం బలం. నాలుగింటికీ సాధనాలున్నాయి, ఎలా చేయాలో చాలామందికి తెలుసు. పని ఎక్కువగా చెడేది వరుస తప్పడం వల్లే. రెండు సర్వేల ట్రేసులిచ్చి (ఒక్కో చోట నమోదైన అలల రికార్డే ట్రేసు) ఒకదాన్ని రెండోదానిలా మార్చమంటే సాఫ్ట్‌వేర్ ఒక మ్యాచింగ్ ఫిల్టర్ తయారుచేసి మార్చేస్తుంది. 20 మీటర్ల స్థానం తప్పు, 5 మిల్లీసెకండ్ల డేటమ్ (కాలాన్ని లెక్కించే మూల ఎత్తు) తేడా, తిరగబడ్డ పోలారిటీ (అల ధనమా రుణమా అన్నది) అన్నీ ఆ ఒక్క ఫిల్టర్‌లోకి వెళ్లిపోతాయి. అతుకు దగ్గర బొమ్మ నున్నగా ఉంటుంది. అదే ఫిల్టర్‌ను అతుకుకు మూడు కిలోమీటర్ల అవతల, నేల ఎత్తూ పొరల వాలూ మారిన చోట వేస్తే లేని వాలు పుట్టుకొస్తుంది. అక్కడ పోల్చి చూడటానికి రెండో సర్వే ఉండదు కాబట్టి తప్పు ఎవరికీ కనబడదు. ప్రతి తప్పునూ అది పుట్టిన చోటే పట్టుకుని సరిచేయాలి. ఫిల్టర్‌కు మిగలాల్సింది నిజమైన తరంగ భేదం ఒక్కటే.

వివరంగా చూడటానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. పాత 3డీ సర్వే డైనమైట్‌తో జరిగింది: బిన్ (ట్రేసులను పోగుచేసే నేల గడి) 15×30 మీటర్లు, ఫోల్డ్ (ఒక గడిలో పడే ట్రేసుల సంఖ్య) 24, పనికొచ్చే పౌనఃపున్యం 10 నుంచి 60 హెర్ట్జ్, డేటమ్ సముద్ర మట్టానికి 100 మీటర్ల ఎత్తు, రీప్లేస్‌మెంట్ వేగం (నేలకూ డేటమ్‌కూ మధ్య అల వేగం ఇంత అనుకుని లెక్కలో వాడేది) సెకనుకు 2000 మీటర్లు. కొత్తది వైబ్రోసైస్ (పేలుడు బదులు నేల మీద నిలబడి కంపించే యంత్రంతో చేసేది): బిన్ 10×10 మీటర్లు, ఫోల్డ్ 48, స్వీప్ (ఆ యంత్రం మారుస్తూ పోయే కంపనాల వరుస) 12 నుంచి 110 హెర్ట్జ్, డేటమ్ 200 మీటర్లు, రీప్లేస్‌మెంట్ వేగం 2400 మీటర్లు. రెండూ కలిసే ఉమ్మడి పట్టీ వెడల్పు 1.2 కిలోమీటర్లు. బొగ్గు పొర లోతు 600 మీటర్లు, వాలు గని భాషలో 1 ఇన్ 4, అంటే సుమారు 14 డిగ్రీలు.

ముందు షాట్లు ఎక్కడ పడ్డాయో తేలాలి

పాత సర్వేల కోఆర్డినేట్లు ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి పాత లెక్కల నమూనా) మీద, కొత్తవి జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 మీద ఉండటం మామూలే. వరంగల్, భూపాలపల్లి ప్రాంతంలో ఒకే బిందువుకు ఈ రెండు పద్ధతుల్లో వచ్చే అక్షాంశ రేఖాంశాల తేడా నేల మీద నూరు మీటర్లు దాటుతుంది. రెండు ఫైళ్లలోనూ యూటీఎం (స్థానాన్ని మీటర్లలో చెప్పే పటం గ్రిడ్) 44 ఉత్తర జోన్ అని రాసి ఉన్నంత మాత్రాన రెండూ ఒకటే అనుకోకూడదు. జోన్ ఒకటే అయినా కింద ఉన్న ఎలిప్సాయిడ్ వేరు కావచ్చు. గనులకు సొంత లోకల్ గ్రిడ్‌లు కూడా ఉంటాయి. బోర్‌హోల్ జాబితా ఆ గ్రిడ్‌లో, సీస్మిక్ యూటీఎంలో ఉంటే, రెంటికీ తెలిసిన మూడు నాలుగు బిందువులతో మార్పిడి సూత్రం కట్టి, అందులో వాడని మరో బిందువు మీద పరీక్షించాలి.

ఫైల్‌లోనే దొర్లే పొరపాట్లు ఇంకొన్ని. సీస్మిక్ డేటాను దాచే సెగ్-వై ఫైల్‌లో ప్రతి ట్రేస్‌కు 240 బైట్ల హెడర్ (వివరాల పట్టిక) ఉంటుంది. 73 నుంచి 80 వరకు ఉన్న బైట్లలో షాట్ (అల పుట్టించిన చోటు) కోఆర్డినేట్లు, 81 నుంచి 88 వరకు జియోఫోన్ (అలను నమోదు చేసే పరికరం) కోఆర్డినేట్లు ఉంటాయి. 71, 72 బైట్లలో ఉండేది వాటి గుణకం. అది -100 అయితే ఆ అంకెలను 100తో భాగించాలి. గుణకాన్ని చూడకపోతే తప్పు వంద రెట్లుంటుంది కాబట్టి వెంటనే పట్టుబడుతుంది. ఫైల్ హెడర్‌లో 3225, 3226 బైట్ల దగ్గర ఉండే ఫార్మాట్ కోడ్ ఇంకా మోసకారి: 1 ఉంటే అంకెలు రాసింది ఐబీఎం పద్ధతిలో, 5 ఉంటే ఐఈఈఈ పద్ధతిలో. ఒకదాన్ని ఇంకోటిగా చదివితే ట్రేసులు ట్రేసుల్లాగే కనిపిస్తాయి గానీ అంకెలు చెడిపోతాయి. ఆ తర్వాత బలం సరిపోలడం లేదని రోజుల తరబడి వెతుక్కోవడమే.

హెడర్ ఏం చెప్పినా నేలతో సరిపోల్చుకోవాలి. ఇందుకు రెండు పరీక్షలున్నాయి. మొదటిది ఉపగ్రహ చిత్రం మీద షాట్ బిందువులు పరిచి చూడటం. ఈ ప్రాంతంలో చెరువులకు కొదవ లేదు, వాటి వల్ల పరీక్ష సులువవుతుంది. షాట్లు లేని ఖాళీలు చెరువుల మీద, ఊళ్ల మీద పడాలి. చెరువు నడి నీళ్లలో వరసగా షాట్లు, గట్టు అవతల పొలంలో అదే ఆకారంలో ఖాళీ కనిపిస్తే ఎలిప్సాయిడ్ మార్పిడి తప్పిందన్నమాట. ఖాళీని చెరువు మీదికి జరిపి చూస్తే తప్పు ఎటువైపో, ఎంతో కూడా తెలుస్తుంది. రెండో పరీక్ష ఫస్ట్ బ్రేకులది, అంటే జియోఫోన్‌ను ముందుగా చేరే అలలది. షాట్ అసలు చోటుకు 20 మీటర్లు పక్కన రాసి ఉంటే, సెకనుకు 2000 మీటర్ల వేగమున్న పొర మీదుగా వచ్చే మొదటి అలలు ఒక వైపు జియోఫోన్లకు 10 మిల్లీసెకండ్లు ముందుగా, ఎదుటి వైపు 10 మిల్లీసెకండ్లు ఆలస్యంగా వచ్చినట్టు కనిపిస్తాయి. రెండు వైపులా ఒకేలా ఆలస్యమైతే అది స్థానం తప్పు కాదు, పైపొర ప్రభావమో షాట్ పేలిన క్షణం నమోదులో తేడానో అయి ఉంటుంది. ఈ తేడా ఇక్కడే గుర్తించకపోతే స్థానం తప్పు స్టాటిక్స్‌లోకి (నేల ఎత్తుకూ పైపొరకూ చేసే కాలం దిద్దుబాట్లలోకి) దూరిపోతుంది.

డేటమ్ తేడా ఒకే అంకె కాదు

కాలం దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు, రెండు సర్వేల మధ్య తేడా అంతటా ఒకే అంకె అనుకుని ఒక సర్వేను మొత్తంగా పైకో కిందికో జరపడం. ఉదాహరణలోని అంకెలతో లెక్క వేసి చూద్దాం. నేల ఎత్తు 180 మీటర్లున్న చోట పాత సర్వేలో 80 మీటర్ల మందాన్ని 2000 వేగంతో తీసేశారు: రానూపోనూ 80 మిల్లీసెకండ్లు. కొత్తదానిలో 20 మీటర్లు 2400 వేగంతో కలిపారు: 16.7 మిల్లీసెకండ్లు. మొత్తం తేడా 96.7. నేల ఎత్తు 140 మీటర్లకు దిగితే పాతదానిలో తీసేసింది 40, కొత్తదానిలో కలిపింది 50, తేడా 90. మిట్టకూ పల్లానికీ మధ్య 6.7 మిల్లీసెకండ్లు మారిపోయాయి. సెకనుకు 2800 మీటర్ల వేగంతో చూస్తే అది 9 మీటర్లకు పైనే. సగటు తీసుకుని 93 మిల్లీసెకండ్లు జరిపి ఊరుకుంటే నేల మీది ఎగుడుదిగుడు బొగ్గు పొర మీదికి దిగుతుంది. మూడు మీటర్ల పొరను తీసే గనిలో తొమ్మిది మీటర్ల దొంగ వాలు చిన్న విషయం కాదు.

అందుకే పాత స్టాటిక్స్ మీద కొత్త దిద్దుబాట్లు వేసుకుంటూ పోకుండా వాటిని పూర్తిగా వెనక్కి తీసేయాలి. హెడర్‌లో 99, 100 బైట్లలో షాట్ స్టాటిక్, 101, 102లో జియోఫోన్ స్టాటిక్, 103, 104లో మొత్తం స్టాటిక్ ఉండాలి. అక్కడ ఉన్న అంకెలు ట్రేసుకు నిజంగా వేశారా, లేక రాసి వదిలేశారా అన్నది ప్రాసెసింగ్ రిపోర్టుతో సరిచూడాలి. తీసేశాక రెండు సర్వేల ఫస్ట్ బ్రేకులనూ ఒకే కుప్పగా వేసి, ఒకే టోమోగ్రఫీతో (అలలు చేరిన కాలాల నుంచి నేల వేగాలను రాబట్టే లెక్కతో) ఒకే పైపొర నమూనా కట్టి, ఒకే డేటమ్, ఒకే రీప్లేస్‌మెంట్ వేగంతో మళ్లీ వేయాలి.

ఇక్కడ డైనమైట్‌కూ వైబ్రోసైస్‌కూ ఉన్న భౌతిక భేదం ముందుకొస్తుంది. శిథిలమైన పైపొర 15 మీటర్ల మందం, వేగం 600 అనుకుంటే దాన్ని దాటడానికి 25 మిల్లీసెకండ్లు పడుతుంది. అదే మందం గట్టి రాయైతే 2400 వేగంతో 6.25 చాలు. అంటే ఒకసారి దాటితే 18.75 మిల్లీసెకండ్ల ఆలస్యం. వైబ్రేటర్ నేల మీద నిలబడి కంపిస్తుంది కాబట్టి అల ఈ పొరను దిగేటప్పుడు ఒకసారి, ఎక్కేటప్పుడు ఒకసారి దాటుతుంది: 37.5. డైనమైట్‌ను 20 మీటర్ల బోరు అడుగున పేలిస్తే దిగే అల ఆ పొరను దాటనే దాటదు. డైనమైట్ సర్వేకు అప్‌హోల్ టైమ్, అంటే బోరు అడుగు నుంచి పైకి అల వచ్చిన కాలం, తప్పనిసరి. హెడర్‌లో దాని చోటు 95, 96 బైట్లు. అక్కడ సున్నాలుంటే సర్వే జరిగేటప్పుడు రాసుకున్న అబ్జర్వర్ లాగ్ కాగితాలు తెరవాలి. ఆ కాగితాలు లేకపోతే బోరు లోతును పైపొర నమూనాలో పెట్టి లెక్కగట్టుకోవచ్చు గానీ, రెండు మూడు మిల్లీసెకండ్ల అనిశ్చితి మిగిలిపోతుందని రిపోర్టులో రాసి తీరాలి.

ఫేజ్: బొగ్గు పొర సాక్ష్యం, బొగ్గు పొర వల

డైనమైట్ తరంగం మినిమమ్ ఫేజ్‌కు (బలం మొదట్లోనే చేరిన ఆకారానికి) దగ్గరగా ఉంటుంది. వైబ్రోసైస్‌ను స్వీప్‌తో కోరిలేట్ చేశాక (పోల్చి కుదించాక) వచ్చేది జీరో ఫేజ్‌కు (శిఖరం నడుమ, ఇరుపక్కలా సమానంగా ఉండే ఆకారానికి) దగ్గరి తరంగం. జియోఫోన్ నేల వేగాన్ని కొలుస్తుంది, చిప్ మీద ఉండే మెమ్స్ సెన్సర్ త్వరణాన్ని కొలుస్తుంది, ఈ రెంటి మధ్య 90 డిగ్రీల భేదం. 10 హెర్ట్జ్ జియోఫోన్ తన సహజ పౌనఃపున్యం దగ్గర సొంతంగా 90 డిగ్రీలు తిప్పుతుంది. వీటిలో తెలిసిన వాటన్నిటినీ లెక్కతోనే సరిచేయవచ్చు: సెన్సర్ స్పందనను తీసేయడం, స్వీప్ ఆటోకోరిలేషన్ నుంచి మినిమమ్ ఫేజ్‌కు మార్చే ఫిల్టర్ కట్టడం, ఆ తర్వాత రెండు సర్వేలకూ కలిపి ఒకే సర్ఫేస్ కన్సిస్టెంట్ డీకాన్వల్యూషన్ (షాట్, జియోఫోన్ చోట్ల వల్ల తరంగం ఆకారంలో వచ్చే మార్పును తీసేసే లెక్క) వేయడం. మిగిలిన భేదం ఎంతో అప్పుడు ఉమ్మడి పట్టీలో కొలవాలి.

పోలారిటీకి గోదావరి లోయ మంచి కొలబద్దనే ఇస్తుంది. ఇక్కడ బొగ్గు పొరలను పట్టుకుని ఉండే బరాకర్ ఇసుకరాయి సాంద్రత 2.3, వేగం 2900 అనుకుంటే, బొగ్గు సాంద్రత 1.4, వేగం 2300 దగ్గర ఉంటుంది. వీటి లబ్ధాల నుంచి వచ్చే పరావర్తన గుణకం సుమారు -0.35. రాళ్ల మధ్య మామూలుగా కనిపించే గుణకాలు ఇందులో చిన్న వంతు. మందమైన బొగ్గు పొర పైభాగం బోర్‌హోల్‌లో తెలిసిన లోతున బలమైన రుణ పరావర్తనంగా రాకపోతే పోలారిటీ తిరగబడి ఉండొచ్చని అనుమానించాలి. సింగరేణి ప్రాంతంలో బోర్‌హోల్స్ దట్టంగా ఉంటాయి కాబట్టి ఈ పరీక్షను ఒక్కచోటుతో సరిపెట్టుకోనక్కర లేదు.

అదే బొగ్గు పొర పలచగా ఉంటే మాత్రం మోసం చేస్తుంది. తరంగం విడదీసి చూపగలిగే కనీస మందం వేగాన్ని నాలుగు రెట్ల పౌనఃపున్యంతో భాగిస్తే వస్తుంది. 80 హెర్ట్జ్ దగ్గర బొగ్గులో 7 మీటర్లు, 40 హెర్ట్జ్ దగ్గర 14 మీటర్లు. అంతకంటే పలచని పొరలో పైభాగపు రుణ పరావర్తనం, అడుగు నుంచి వచ్చే ధన పరావర్తనం కలిసిపోతాయి. కలిసిన ఆకారం తరంగాన్ని 90 డిగ్రీలు తిప్పినట్టుంటుంది. పాత సర్వేకు 8 మీటర్ల పొర పలచనే, కొత్తదానికి కాదు. ఒక్క ఆ పొర దగ్గరే రెండు సర్వేలనూ పోల్చి ఫేజ్ తేడా 60 డిగ్రీలనో 90 డిగ్రీలనో తేల్చేస్తే, పరికరం మీదికి నెట్టింది నిజానికి పొర మందం పని. అందుకే ఫేజ్‌ను ఒక్క పరావర్తనం మీద కాకుండా పొడవైన విండోలో, ఉమ్మడి పౌనఃపున్యాల్లోనే కొలవాలి. ఈ ఉదాహరణలో 300 నుంచి 1000 మిల్లీసెకండ్ల విండో, 12 నుంచి 60 హెర్ట్జ్, 100 మిల్లీసెకండ్ల ఫిల్టర్ సరిపోతాయి. ఫిల్టర్ పొడవు పెంచితే సరిపోలిక అంకె మెరుగవుతుంది, కానీ ఫిల్టర్ భూగర్భాన్నీ రొదనూ కూడా నేర్చుకోవడం మొదలుపెడుతుంది. విండో ఫిల్టర్‌కు కనీసం ఐదారు రెట్లుండాలి.

ట్రేస్‌కు ఒక ఫిల్టర్ కట్టకూడదు. ముందుగా ప్రతి జతకూ విడిగా వచ్చిన కాలం తేడా, ఫేజ్ తేడా పటాలుగా గీసి, ఆ తర్వాతే ఉమ్మడి పట్టీలోని ట్రేసు జతలన్నిటి మీదా ఒకే సగటు ఫిల్టర్ కట్టాలి. ఆ పటాలు చదవడం ఈ మొత్తం పనిలో చాలా విలువైన గంట. ఫేజ్ తేడా అంతటా ఒకే అంకె చుట్టూ చెదురుమదురుగా ఉంటే అది నిజంగా తరంగ భేదమే. నేల ఎత్తుతో పాటు మారుతుంటే స్టాటిక్స్ ఇంకా మిగిలున్నాయి. పొరల వాలు వెంట ఒక దిక్కుగా పెరుగుతుంటే స్థానం లేదా మైగ్రేషన్ (పరావర్తనాలను వాటి నిజమైన చోటికి జరిపే లెక్క) వేగం తప్పు. ఈ రెండు సందర్భాల్లో ఫిల్టర్ వేయకుండా వెనక్కి వెళ్లాలి. సగం పట్టీ మీద కట్టిన ఫిల్టర్‌ను మిగతా సగం మీద పరీక్షించడం కూడా ఇక్కడే జరగాలి.

ఉత్తర తెలంగాణలో ఫేజ్ లెక్కను చెడగొట్టేది ఇంకొకటుంది: 50 హెర్ట్జ్ కరెంటు రొద. పొలానికో బోరు మోటారున్న చోట జియోఫోన్ తీగల్లోకి అది తప్పక దూరుతుంది. వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1న మొదలైంది. అంతకు ముందు కరెంటు కొన్ని గంటలే వచ్చేది కాబట్టి పాత రికార్డుల్లో ఒక షాట్‌కు రొద ఉండి, మరో షాట్‌కు లేకపోవచ్చు. పాత ప్రాసెసింగ్‌లో నాచ్ ఫిల్టర్ (ఒక్క పౌనఃపున్యాన్నే కోసేసేది) వేసి ఉంటే స్పెక్ట్రమ్‌లో 50 హెర్ట్జ్ దగ్గర గుంట పడి, దాని ఇరుపక్కలా ఫేజ్ వంగిపోతుంది. పనికొచ్చే పౌనఃపున్యం 60 దగ్గరే ఆగే పాత సర్వేకు ఇది పెద్ద నష్టం. ఫీల్డు రికార్డుల నుంచి మళ్లీ మొదలుపెట్టి, నాచ్ బదులు ప్రతి ట్రేస్‌లోని 50 హెర్ట్జ్ తరంగం బలాన్నీ ఫేజ్‌నూ అంచనా కట్టి తీసివేసే పద్ధతి వాడాలి. ఫైనల్ స్టాక్ (ట్రేసులన్నీ కలిపేసిన తుది ఫలితం) మాత్రమే దొరికిన సర్వేకు ఈ మరమ్మతు సాధ్యం కాదు.

బలం, గ్రిడ్, మైగ్రేషన్

బలం చివర రావాలి, ఎందుకంటే పై మూడూ సరిగా లేనప్పుడు కొలిచిన బలం అర్థం లేనిది. పాత స్టాక్‌లకు ఏజీసీ (బలాన్ని అంతటా సమం చేసే దిద్దుబాటు) వేసి ఉంటే బలం సమాచారం పోయినట్టే, తిరిగి తేలేము. ఫీల్డు రికార్డులుంటే షాట్, జియోఫోన్, ఆఫ్‌సెట్ (ఆ రెంటి మధ్య దూరం) అంశాలుగా విడదీసి రెండు సర్వేలకూ ఒకేసారి స్కేల్ చేయాలి.

పాత సర్వే స్పెక్ట్రమ్‌ను కొత్తదాని స్థాయికి సాగదీయాలని ఆశ పుడుతుంది. 60 హెర్ట్జ్ పైన పాత సర్వేలో ఉన్నది ఎక్కువగా రొదే. దాన్ని పెంచితే అతుకు అవతల బొమ్మ పదునుగా కనిపిస్తుంది, ఆ పదును అబద్ధం. కొత్తదాన్ని 60కి దించితే డబ్బు పెట్టి సంపాదించిన వివరం పోతుంది. మేలైన మార్గం రెండు వాల్యూములు (3డీ డేటా ఫైళ్లు) ఇవ్వడం: ఉమ్మడి పౌనఃపున్యాలకు పరిమితమై అతుకు మీదుగా నిశ్చింతగా ఫాల్టు గీయగలిగేది ఒకటి, కొత్త సర్వే మేర పూర్తి పదునుతో రెండోది.

ఉమ్మడి గ్రిడ్ 10×10 మీటర్లకు పెడితే పాత సర్వే 450 చదరపు మీటర్ల బిన్‌లోని 24 ట్రేసులు కొత్త లెక్కలో బిన్‌కు సగటున 5.3కి పడిపోతాయి. కొత్త సర్వేకు 48 ఉన్నాయి. ట్రేసుల సాంద్రత తేడా తొమ్మిది రెట్లు, అంటే రొదతో పోల్చిన సంకేతం బలంలో మూడు రెట్లు. పాత మధ్యబిందువులు (షాట్‌కూ జియోఫోన్‌కూ నడిమి చోట్లు) తమ బిన్ కేంద్రాల దగ్గరే గుమిగూడతాయి కాబట్టి కొన్ని కొత్త బిన్‌లు పూర్తిగా ఖాళీగా ఉంటాయి. 5డీ ఇంటర్‌పొలేషన్ (చుట్టూ ఉన్న ట్రేసుల నుంచి లేని ట్రేసును అంచనా కట్టే లెక్క) ఆ ఖాళీలు నింపుతుంది, కానీ కొలవని దాన్ని పుట్టించలేదు. 30 మీటర్ల దూరంలో తీసిన ట్రేసులు 2800 వేగం, 60 హెర్ట్జ్ దగ్గర 23 డిగ్రీల వాలు వరకే సరిగా చూపగలవు. 14 డిగ్రీల బొగ్గు పొరకు అది చాలు. ఫాల్టు అంచు నుంచి విరజిమ్మే డిఫ్రాక్షన్ల నిటారు కొసలకు చాలదు. కాబట్టి పాత సర్వే మేర ఫాల్టు అంచు ఎప్పటికీ కొంత మసకగానే ఉంటుంది. ఇంటర్‌పొలేషన్‌తో పుట్టిన ట్రేసుకు హెడర్‌లో గుర్తు పెట్టి తీరాలి.

మైగ్రేషన్ అయిపోయిన రెండు వాల్యూములను తెచ్చి కలపడం చవకైన పని, చాలామంది చేసేదీ అదే. దాని నష్టం ఎంతో లెక్కగట్టవచ్చు. 600 మీటర్ల లోతున 30 డిగ్రీల వరకు వాలును సరిగా కూర్చాలంటే ఇరువైపులా 600ను 30 డిగ్రీల టాంజెంట్‌తో గుణించినంత, అంటే దాదాపు 350 మీటర్ల మేర డేటా ఉండాలి. సర్వే అంచున అది ఉండదు, ఫోల్డ్ కూడా పలచబడి ఉంటుంది. 1.2 కిలోమీటర్ల ఉమ్మడి పట్టీలో పాత సర్వే అంచు నుంచి 350, కొత్తదాని అంచు నుంచి 350 మీటర్లు తీసేస్తే రెండూ నమ్మదగ్గ మేర 500 మీటర్లే. పట్టీ 700 కంటే సన్నగా ఉంటే అలాంటి మేరే ఉండదు. మైగ్రేషన్‌కు ముందే ట్రేసులు కలిపి, ఒకే వేగ నమూనాతో, ఫోల్డ్ తేడాకు తగిన తూకంతో మైగ్రేట్ చేస్తే ఒక సర్వే అంచుకు రెండోది ఆసరా ఇస్తుంది. ఫీల్డు రికార్డులు దొరికే అవకాశం ఉన్నంతవరకు వాటికోసం ఒత్తిడి తేవాల్సిందే.

నేలే మారిపోయిన చోట

ఉమ్మడి పట్టీని నమ్మడానికి ఒక షరతుంది: రెండు సర్వేల మధ్య నేల మారకూడదు. బొగ్గు ప్రాంతంలో ఈ షరతు తరచూ తప్పుతుంది. మొదటి సర్వే నాడు చదునైన పొలం, రెండో సర్వే నాటికి ఓపెన్‌కాస్ట్ గుంతో, ఓబీ డంపో (బొగ్గు మీది మట్టీరాళ్లూ పోసిన గుట్టో) అయి ఉండవచ్చు. వదులుగా పోసిన 40 మీటర్ల డంప్‌లో వేగం 400 ఉంటే అల ఒకసారి దాటడానికే 100 మిల్లీసెకండ్లు పడుతుంది. భూగర్భ గనిలో బొగ్గు తీసేసిన గోఫ్ మీది రాతి పగుళ్లు ఎక్కువ పౌనఃపున్యాలను మింగేస్తాయి, దాని కిందున్న పరావర్తనాలు ఆలస్యమవుతాయి. ఆ తేడా సర్వే తప్పు కాదు, నిజంగా జరిగిన మార్పు. దాన్ని సరిచేస్తే సాక్ష్యాన్ని చెరిపేసినట్టు. నీటి మట్టం సంగతీ ఇంతే. వేసవిలో జరిగిన సర్వేకూ వానాకాలం ముగిశాక జరిగిన సర్వేకూ పైపొర వేగాలు ఒకటి కావు. 2019లో వచ్చిన కాళేశ్వరం బ్యారేజీల్లో నీళ్లు నిలిపినప్పుడు గోదావరి ఒడ్డున బ్యాక్‌వాటర్ కిందికి పోయే చోట్ల కొత్తగా షాట్లు పెట్టడం కుదరదు. అలాంటప్పుడు పాత సర్వే ఉంటే అదే ఏకైక కొలత.

కాబట్టి ఫిల్టర్ కట్టే ముందే గని ప్లాన్లు, వేర్వేరు ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టుకుని మారిన నేలకు హద్దు గీయాలి. గోఫ్ హద్దుకు బయట ఇంకో 350 మీటర్ల వరకు కూడా వదిలేయడం మంచిది, ఏటవాలుగా వచ్చే అలలు ఆ మేర గోఫ్‌ను తాకి వస్తాయి కాబట్టి. ఈ హద్దుల లోపలి ట్రేసులు తుది డేటాలో ఉంటాయి, కొలతల లెక్కలో మాత్రం ఉండవు.

2డీ లైన్లు కలిసినప్పుడు

3డీ బ్లాకుల చుట్టూ 2డీ లైన్లు (ఒకే గీత వెంట చేసిన సర్వేలు) తోడుంటాయి. 2016లో మొదలైన నేషనల్ సీస్మిక్ ప్రోగ్రామ్ దేశంలోని 26 అవక్షేప బేసిన్లలో సరిగా పరిశీలించని చోట్ల 48,243 లైన్ కిలోమీటర్ల 2డీ సర్వే లక్ష్యంగా పెట్టుకుంది. చమురు, సహజవాయు అన్వేషణ డేటా 2017 నుంచి నేషనల్ డేటా రిపాజిటరీ ద్వారా అందుబాటులోకి వచ్చింది. బ్లాకుల మధ్య ఖాళీలను కలపడానికి ఇలాంటి పొడవాటి లైన్లు వెన్నెముకలా పనికొస్తాయి.

2డీలో కలపడం అంటే లైన్లు ఒకదాన్నొకటి దాటే చోట కాలం తేడాలు కొలిచి, ఒక లైన్‌ను కదలకుండా పట్టుకుని, మిగతావాటి దిద్దుబాట్లను లీస్ట్ స్క్వేర్స్‌తో (మిగిలే తేడాలు మొత్తం మీద కనిష్ఠమయ్యేలా) పంచడం. ఈ పని మైగ్రేట్ చేసిన సెక్షన్ల మీద చేయకూడదు. వాలు దిశలో వేసిన లైన్‌ను మైగ్రేట్ చేస్తే 600 మీటర్ల లోతున్న పొర నిజమైన చోటుకు వస్తుంది: 2800 వేగంతో 428.6 మిల్లీసెకండ్లు. వాలుకు అడ్డంగా వేసిన లైన్‌లో ఆ పొర చదునుగా కనిపిస్తుంది కాబట్టి మైగ్రేషన్ దాన్ని కదిలించదు. 14 డిగ్రీల వాలు వల్ల అది 416 దగ్గరే ఉండిపోతుంది. దాదాపు 13 మిల్లీసెకండ్ల ఈ తేడా ఏ లైన్ తప్పూ కాదు, 2డీ జ్యామితి పరిమితి. దాన్ని స్టాటిక్ షిఫ్ట్‌తో బలవంతంగా కలిపితే ఆ లైన్ మొత్తం 18 మీటర్లు పైకో కిందికో పోతుంది. మైగ్రేషన్‌కు ముందున్న స్టాక్‌ల మీద రెండు లైన్లూ కలిసే చోట కాలం ఒకటే ఉండాలి, దిద్దుబాటు అక్కడ కొలవాలి.

2024 డిసెంబర్ 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చాక గోదావరి లోయ ఫాల్టుల పటాల మీద ఆసక్తి పెరగడం సహజం. ఆ భూకంప కేంద్రం లోతును సుమారు 40 కిలోమీటర్లుగా లెక్కించారు. బొగ్గు సర్వేలు చూసేది పైనున్న కిలోమీటరు, రెండు కిలోమీటర్లే. వాటి నుంచి ఆ భూకంపానికి కారణం చదవడం కుదరదు. పై ఫాల్టులు బ్లాకు హద్దుల దగ్గర తెగిపోకుండా ఒకే పటంలో ఉండటం వేరు, దానికి ఈ పని తప్పక పనికొస్తుంది.

తనిఖీ, అప్పగింత

రెండు సర్వేలు ఎంత కలిశాయో చెప్పే అంకెగా ఎన్‌ఆర్‌ఎంఎస్ వాడతారు: ట్రేసుల భేదం ఆర్‌ఎంఎస్‌ను (వర్గాల సగటుకు వర్గమూలాన్ని) 200తో గుణించి, రెంటి ఆర్‌ఎంఎస్‌ల మొత్తంతో భాగిస్తే వస్తుంది. సంబంధం లేని రెండు ట్రేసులకు 141, పోలారిటీ తిరగబడ్డ ఒకే ట్రేసుకు 200. ఈ అంకె కాలానికి చాలా సున్నితం. అన్నీ సరిగ్గా ఉండి 60 హెర్ట్జ్ దగ్గర 1 మిల్లీసెకండ్ తేడా మిగిలినా 37 వస్తుంది. కాబట్టి అంకె ఒక్కటే చూసి బాగుందనో బాగాలేదనో తేల్చకుండా, అది పటం మీద ఎక్కడ పెరిగిందో చూడాలి. అతుకుకు సమాంతరంగా చారలా పెరిగితే ఇంకా పని ఉంది. చెరువు ఆకారంలో పెరిగితే అక్కడ షాట్లు లేవు, అంతే.

అసలైన పరీక్ష బోర్‌హోల్స్‌ది. వేగ నమూనా కట్టేటప్పుడు అతుకుకు ఇరువైపులా కొన్ని బోర్లను పక్కన పెట్టి, చివర్లో బొగ్గు పొర లోతు ఊహించి ఆ బోర్లతో పోల్చాలి. రెండు వైపులా తప్పు సగటు సున్నా చుట్టూ ఉండాలి. ఒక వైపు అన్నీ లోతుగా, ఇంకో వైపు అన్నీ పైకి వస్తే అతుకు కుదరలేదు, అతుకు మీద బొమ్మ ఎంత నున్నగా ఉన్నా సరే.

అప్పగించే ఫైల్‌లో ప్రతి ట్రేస్ ఏ సర్వే నుంచి వచ్చిందో, కొలిచిందా నింపిందా, దానికి వేసిన మొత్తం కాలం దిద్దుబాటు ఎంత అన్నవి ఉండాలి. సెగ్-వై రివిజన్ 1లో 233 నుంచి 240 వరకు బైట్లు ఎవరికీ కేటాయించలేదు, ఈ అంకెలకు అవి సరిపోతాయి. 3200 బైట్ల టెక్స్ట్ హెడర్‌లో డేటమ్, రీప్లేస్‌మెంట్ వేగం, ఎలిప్సాయిడ్, జోన్, పోలారిటీ, ఫేజ్, ఏ బైట్‌లో ఏముందో రాయాలి. మ్యాచింగ్ ఫిల్టర్‌ను విడి ఫైల్‌గా, మారిన నేల హద్దులను షేప్ ఫైల్‌గా జతచేయాలి. ముడి రికార్డుల కాపీ, అబ్జర్వర్ లాగ్‌ల స్కాన్‌లు అదే ఫోల్డర్‌లో ఉంచాలి. మూడో బ్లాకు సర్వే వచ్చినప్పుడు కలపాల్సింది ఆ ముడి రికార్డులతోనే, ఇప్పుడు తయారైన వాల్యూముతో కాదు. అప్పుడు మూడు జతల కాలం తేడాలు చుట్టూ తిరిగి కూడితే సున్నా రావాలి. రాకపోతే ఏ జత దగ్గర తప్పిందో వెతకడానికి ఈ కాగితాలే ఆధారం.